కడిగి చెప్పవయ్యా, శంకరం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో సబ్బు కొనడానికి వెళ్ళి ఒక అమ్మాయితో తగాదా పెట్టుకున్నాను. మెట్రో స్తంభాల పక్కన కొత్తగా వెలిసిన దుకాణం అది. సబ్బులను మైసూర్‌పాక్ ముక్కల్లా కోసి అద్దాల అరల్లో పేర్చారు. కౌంటరు దగ్గరి అమ్మాయి లేత గులాబీ రంగు బిళ్ళ ఒకటి నా ముక్కు ముందు పెట్టి, "ప్యూర్ రోజ్ అంకుల్, స్మెల్ చూడుండ్రి" అంది. పీల్చాను. ముందు గులాబీయే పలకరించింది. దాని వెనకాలే కోసిన పచ్చిగడ్డి, ఆ గడ్డి వెనక ఎక్కడో అల్లం తరిగిన కత్తిపీట ఘాటు. ఇంకోసారి పీల్చాను. సబ్బు చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, దుకాణం మధ్యలో నిలబడిపోయిన ముసలాయన్ని చూసి ఆ పిల్ల కంగారు పడ్డట్టుంది.

"అంకుల్, ఏమైంది? కూసుంటరా?"

"ఇది గులాబీ కాదు బిడ్డా, గడ్డి" అన్నాను.

"గడ్డేంది అంకుల్! డబ్బా మీద రాసుంది చూడుండ్రి."

"డబ్బా మీద నా ఫొటో ఏస్తే నేను గులాబీనైతనా? ఇది రూసా గడ్డి. దాన్ని ఉడికిచ్చి తీసిన తైలం."

"మీకెట్ల తెలుసు?"

అడగకూడని ప్రశ్న అడిగింది. నాలాంటివాడికి అలాంటి ప్రశ్న దొరికితే దసరా సెలవులు ఇచ్చినట్టే. "నేను పెద్ద సైంటిస్టునమ్మా" అన్నాను. "మా లేబరేటరీ మూడంతస్తులుండె. ఈ దేశంల ఏ అత్తరు ఓడ ఎక్కాలన్నా ముందు నా ముక్కు కిందికెళ్ళి పోవాలె." ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. లోపల సర్దుతున్న ఇంకో అమ్మాయిని కేకేసి, "ఏయ్, సైంటిస్ట్ అంకుల్ అట!" అంది. ఆ సంతోషంలో నాకు అక్కర్లేని సబ్బులు కూడా కొనుక్కుని బయటపడ్డాను. సైదాబాదు వైపు నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి ఎవరో గోదావరి యాసలో, విసుగూ కోపమూ లేకుండా అన్నట్టయింది: "కడిగి చెప్పవయ్యా, శంకరం."

సరే, కడిగి చెబుతాను. మా లేబరేటరీ ఉన్న ఇల్లు మూడంతస్తులదే, అందులో అబద్ధం లేదు. అందులో కింది వాటాలో రెండు గదులు, ఒక స్నానాలగది మాత్రం మావి. తక్కిన ఇంట్లో ఇంటివాళ్ళు, వాళ్ళ వడియాలు, ఒక కోడి ఉండేవి. నేను సైంటిస్టును కాను. బీఎస్సీ దండయాత్రలు చేసి గట్టెక్కిన అసిస్టెంటును. ముక్కు సంగతి మాత్రం కొంత నిజం. నా పేరు శంకర్. నన్ను శంకరం అని పిలిచిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉండేవారు. ఆవిడే మా మేడమ్, కామేశ్వరిగారు.

మీరు ఆవిడను చూడలేదు కాబట్టి చెబుతున్నాను. పొట్టి మనిషి. నూలు చీర, జారిపోయే కళ్ళజోడు, జడముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. కాకినాడ వైపు నుంచి వచ్చారు. సర్కారు ప్రయోగశాలలో మంచి ఉద్యోగం వదిలేసి సొంతంగా పరీక్షల లేబు పెట్టారంటే మా నాన్న నమ్మలేదు. "ఉన్న నౌకరి ఇడిచిపెట్టి వచ్చిందంటే ఆమెకన్న పిచ్చుండాలె, లేకుంటే నీకన్న" అన్నాడు. అవి దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ కాలనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న ఏళ్ళు. పొద్దున చేను ఉన్నచోట సాయంత్రానికి హద్దురాళ్ళు కనబడేవి. ఇసుక కుప్పలు దాటుకుంటూ డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థులు పునాదులు తవ్విస్తూ "ఏమండీ" అంటుంటే, భూములమ్మిన మావాళ్ళు కొత్త మోటార్ సైకిళ్ళ మీద కూచుని "ఏంది సార్" అంటుండేవాళ్ళు. ఆ సందట్లో ఒక ఆడమనిషి కింది వాటా కిరాయికి తీసుకుని అందులో మట్టికి స్నానాలు చేయిస్తోందంటే జనానికి వింతగా ఉండదా?

మట్టికి స్నానమన్నది గొప్పలు కాదు, అక్షరాలా నిజం. అదే మా పని. ఎందుకో నాకు అర్థమైనంతలో చెబుతాను. మా దగ్గర ఒక యంత్రం ఉండేది. దాని కడుపులో చుట్టలు తిరిగిన పొడుగాటి గాజుగొట్టం. గొట్టం నిండా సన్నటి మట్టి రేణువులు. ఎప్పుడో సముద్రం అడుగున పోగుపడ్డ సూక్ష్మజీవుల గుల్లలను కాల్చి, జల్లించి చేసిన మట్టి అది. ఆ రేణువుల మీద పలచగా, మంచు పట్టినట్టు, ఒక జిడ్డు ద్రవం పూస్తాం. గొట్టం ఒక మూతిలో తైలం చుక్క వేస్తే అది వేడికి ఆవిరవుతుంది, వెనకనుంచి గ్యాసు దాన్ని తోస్తుంది. తైలంలో ఉన్న ఒక్కొక్క సరుకూ ఆ జిడ్డు దగ్గర తనకు తోచినంత సేపు ఆగి, ఒకదాని వెనక ఒకటి అవతలి మూతిలోంచి బయటికొస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక కలం కాగితం మీద చిన్న కొండ గీస్తుంది. ఏ కొండ ఎప్పుడొచ్చిందో, ఎంత ఎత్తుందో చూసి తైలంలో ఏముందో చెబుతాం.

ఇందులో పనంతా జిడ్డుది. మట్టి దాన్ని మోయాలి, అంతే. కాని ముడి మట్టి ఊరుకోదు. దానిలో ఇనుము మరకలుంటాయి, దాని ముఖం మీద కంటికి కనపడని కొక్కాలుంటాయి. దారిన పోయే ఆవిరిని అది పట్టుకుంటుంది, పట్టుకుని తీరిగ్గా వదులుతుంది. అప్పుడు నిటారుగా లేచి నిటారుగా దిగాల్సిన కొండ, దిగేటప్పుడు ఈడ్చుకుంటూ పోతుంది. దాన్ని మేము తోక అనేవాళ్ళం. అందుకే మట్టిని ముందు ఆమ్లంలో నానబెట్టి ఇనుము వదిలించాలి, పసుపుపచ్చగా దిగే ఆ నీళ్ళు తేటపడేదాకా కడగాలి, ఆరబెట్టాలి. ఆ తరవాత సైలేన్ అని ఒక పొగలు కక్కే ద్రవంతో కొక్కాలన్నిటికీ మూతలు బిగించాలి.

కాలనీకి నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే బిందెల యుద్ధం జరిగే కాలం. ఇంటావిడ సత్తెమ్మ మా స్నానాలగది కిటికీలోంచి తొంగిచూసి, నడుం మీద చెయ్యేసుకుని, "మనుషులకు లెవ్వు నీళ్లు, మట్టికి తానాలు పోస్తరా! గిదేం చదువు మేడమ్?" అనేది. మేడమ్ నవ్వేవారు. "ఇదే చివరి బకెట్టండీ" అనేవారు. అది చివరిది కాదని ముగ్గురికీ తెలుసు. ఒకసారి సైలేన్ పొగలు కిటికీ దాటితే కాలనీ కాలనీ ఖాళీ అయి జనం మూసారాంబాగ్ దాకా పరుగెత్తారని నేను చాలాకాలం చెప్పుకున్నాను. కడిగితే, సత్తెమ్మ దగ్గింది. కోడి రెండిళ్ళ అవతలికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చింది.

మొదట్లో ఓ రోజు మట్టిని ఆరబెట్టే పని నాకు అప్పగించారు. పళ్ళెంలో తడిమట్టి, కింద సన్నటి సెగ. ఎంతకీ ఆరదు. నాకు ఆ సాయంత్రం ఆట సినిమాకి వెళ్ళాలని ఉంది. గాజుకడ్డీ తీసుకుని, పాయసం కలిపినట్టు గిరగిరా కలిపేశాను. చకచకా ఆరింది. మర్నాడు ఆ మట్టి నింపిన గొట్టంలో ప్రతి కొండకూ తోకే. మేడమ్ నన్ను తిట్టలేదు. ఒక చిటికెడు మట్టి నల్లకాగితం మీద పోసి భూతద్దం చేతికిచ్చారు.

"ఏం కనబడుతోంది?"

"పొడి ఉంది మేడమ్. గింజలు ఇరిగినట్టున్నయి."

"గింజ విరిగితే లోపలి ముఖం బయటపడుతుంది. ఆ ముఖాన్ని మనం కడగలేదు కదా? మన స్నానమంతా పైపైన చేసిందే." అని, కొత్త మట్టి తీసుకుని పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని, బియ్యం చెరిగినట్టు మెల్లగా ఒంచుతూ లేపుతూ ఆరబెట్టడం చూపించారు. కడ్డీ ముట్టుకోలేదు. "తొందరుంటే చెప్పు, సినిమాకి వెళ్ళు. నేను ఆరబెడతాను. కానీ కెలక్కు." సినిమా సంగతి ఆవిడకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను అప్పటికే మాటకారిని. బస్సు కాస్త ఆలస్యమైతే లారీ బోల్తాపడిందని, పక్కింట్లో గిన్నె పడితే బాంబు పేలిందని చెప్పేవాణ్ణి. ఆవిడ కొలతలు చూసుకుంటూనే వినేవారు. అంతా విని, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇప్పుడు కడిగి చెప్పు" అనేవారు. అప్పుడు నేను లారీని తీసేసేవాణ్ణి. "ఇంకా పచ్చగానే దిగుతోంది, మళ్ళీ కడుగు" అంటే డ్రైవరునూ తీసేసేవాణ్ణి. చివరికి నేను లేటుగా లేచానన్న ఒక్క ముక్క మిగిలేది. "ఆఁ, తేటపడింది. పద, సిలిండరు విప్పు" అనేవారు.

బాల్‌రెడ్డి వచ్చింది ఒక వానాకాలం మధ్యాహ్నం. ఎల్బీనగర్ దాటి, సాగర్ రోడ్డు మీద కొంత దూరం పోయాక ఆయన ఊరు. పెద్దమనిషి, తెల్ల ధోతి మోకాళ్ళ దాకా బురద. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, కుర్చీ చూపించినా కూచోలేదు.

"నేను తైలంల కల్తీ జేసిన్నని కాయితం ఇచ్చింది మీరేనా మేడమ్?"

జరిగింది ఇదీ. చుట్టుపక్కల అందరూ భూములు ప్లాట్లకు ఇచ్చేస్తుంటే బాల్‌రెడ్డి మాత్రం ఇవ్వకుండా రూసా గడ్డి వేశాడు. చేను పక్కనే బట్టీ కట్టి, గడ్డిని ఆవిరిలో ఉడికించి తైలం తీసి, పాతబస్తీలో ఒక అత్తరు సేటుకి అమ్మేవాడు. సేటు తన కొత్త సరుకును మా దగ్గర పరీక్ష చేయించాడు. ఆ తైలంలో చవక టర్పెంటైన్ కలిపితే ఏ చోట కొండలు లేస్తాయో సరిగ్గా అక్కడ రెండు కొండలు లేచాయి. మేడమ్ చూసింది చూసినట్టు రాసిచ్చారు. సేటు డబ్బాలన్నీ వాపసు పంపాడు. ఆ తైలం ఎవరిదో మాకు అప్పటిదాకా తెలియదు.

"టర్పెంటైన్ మొఖం గూడ చూడలె నేను" అన్నాడు బాల్‌రెడ్డి. గొంతు పెంచలేదు. "నా తమ్ముళ్లు ఎప్పట్నుంచో భూమి ప్లాట్లకు ఇచ్చేద్దామని లొల్లి. ఈ పంట అమ్ముడువోకుంటె సంతకం పెడ్తనని మాటిచ్చిన. సరే, భూమి పోతే పోనీ. ఊర్ల ఏమంటున్నరో ఎర్కనా? కల్తీ పటేల్ అంటున్నరు. చిన్నపోరగాండ్లు గూడ."

నేను నోరు తెరిచి, యంత్రం అబద్ధం చెప్పదని, అది ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తయారుచేసిందని మొదలెట్టాను. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు. "మీ బట్టీ దగ్గరికి మేమే వస్తామండి. మా కళ్ళ ముందు తైలం తీయండి. మా సీసాలో మేమే పట్టుకుంటాం" అన్నారు.

వెళ్ళాం. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు మారి, దిగి, హద్దురాళ్ళ మధ్య నుంచి నడిచాం. ప్లాట్లు అమ్మబడునన్న బోర్డుల నడుమ ఆ గడ్డిచేను ఒక్కటే ఎవరో చింపడం మరిచిపోయిన పాత కాగితంలా ఉంది. గడ్డి కోయించడం, బట్టీలోకి తొక్కించడం, మంట పెట్టడం, చివర గొట్టంలోంచి నీళ్ళ మీద తేలుతూ పసుపురంగు తైలం చుక్కలు చుక్కలుగా దిగడం, అన్నీ చూశాం. ఆ గాలంతా గులాబీ, గడ్డి, అల్లం. సీసా బిరడా మేడమే బిగించి తన చేతిసంచీలో పెట్టుకున్నారు. బాల్‌రెడ్డి మమ్మల్ని రోడ్డు దాకా సాగనంపాడు, ఏమీ అడగలేదు.

మర్నాడు ఆ చుక్క యంత్రంలో వేశాం. కలం కదిలింది. టర్పెంటైన్ చోట రెండు కొండలు లేచాయి.

మేడమ్ చాలాసేపు ఆ కాగితాన్ని చూస్తూ కూచున్నారు. నేను అన్నాను, "మంత్రమేసి కలిపిండేమో మేడమ్, పటేల్ గట్టోడు." ఆవిడ నవ్వలేదు. "శంకరం, మన కళ్ళముందు తీసిన తైలంలో అది లేదు. కాగితం మీద ఉంది. అంటే మధ్యలో పుట్టింది. మధ్యలో ఉన్నది మనమే కదయ్యా" అన్నారు.

అప్పుడు మొదలైంది అసలు పని. ఆవిడ అనుమానమంతా మట్టి మీదే. గొట్టంలోని మట్టి పాతబడి, కొక్కాలు బయటపడి, తైలంలో గులాబీ వాసనిచ్చే సరుకును వేడిలో విరిచి ఇంకో సరుకుగా మారుస్తోందని ఆవిడ ఊహ. కొత్త మట్టిని మొదటినుంచీ కడిగాం. సత్తెమ్మ తిడుతూనే ఉంది, మేం నీళ్ళు పోస్తూనే ఉన్నాం. ఆరబెట్టి, సైలేన్ పట్టించి, మిగిలిపోయిన సైలేన్‌ను మిథనాల్‌తో కడిగి, మళ్ళీ ఆరబెట్టి, జిడ్డు పూసి గొట్టంలో నింపాం. ఆవిడ జడముడిలోంచి పెన్సిలు తీసి, దాని రబ్బరు చివరతో గాజును చిన్నగా తడుతూ ఉంటే రేణువులు సర్దుకుంటూ దిగేవి. బిడ్డ వీపు తట్టి నిద్రపుచ్చినట్టుండేది. చివర రెండు మూతులకూ మట్టి జారకుండా చిటికెడు గాజుదూది ఆవిడే కూరారు. గొట్టాన్ని రాత్రంతా వేడిలో ఉంచాం.

పొద్దున చుక్క వేశాం. కొండలన్నీ కత్తితో కోసినట్టు నిటారుగా లేచి నిటారుగా దిగాయి. తోక మచ్చుకైనా లేదు. నేను ఎగిరి గంతేశాను. కాని ఆ రెండు కొండలు ఉన్నాయి. కాస్త పొట్టివయ్యాయి, అంతే. పైగా అవి కూడా తోకల్లేకుండా, ఎంతో పెద్దమనిషి తరహాగా నిలబడి ఉన్నాయి. తోక ఉన్న అబద్ధం కంటే తోక లేని అబద్ధం ఎంత భయపెడుతుందో ఆ పొద్దున చూశాను.

ఇక్కడ నేను కనిపెట్టాను. మేడమ్ తల పట్టుకుని కూచుంటే, నేను వెళ్ళి గొట్టం మూతిలోకి తేరిపార చూసి, "మేడమ్! దూది!" అని అరిచాను. ఈ కథ నా పెళ్ళానికి అలాగే తెలుసు. నా కొడుకులకూ, పార్కులో నాతో నడిచే మిత్రులకూ అలాగే తెలుసు. ఇన్నేళ్ళూ అలా చెప్పి చెప్పి ఆ అరుపు నాకే వినబడుతుంది కూడా.

కడుగుతున్నాను. నేను ఆ సమయంలో మూలమలుపు హోటల్లో ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటున్నాను. తిరిగొచ్చేసరికి మేడమ్ గొట్టం విప్పి బల్లమీద పెట్టుకుని కూచున్నారు. సన్నటి కొక్కెంతో తైలం వేసే మూతి దగ్గరి దూది బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని చూస్తున్నారు.

"శంకరం, దీన్ని కడిగామా?"

"అది గాజు గద మేడమ్. గాజుకేమైతది?"

"నేనూ అదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "మట్టి ముఖం మీద ఏ కొక్కాలున్నాయో గాజు ముఖం మీదా అవే ఉంటాయయ్యా. అందులోనూ ఇది దూది, ఎంత ముఖమో చూడు. తైలం వేడివేడిగా ముందు దీని మీదే పడుతుంది. మట్టిదాకా వెళ్ళేలోపే ఇక్కడ విరిగిపోతోంది. మట్టికి అన్ని స్నానాలు చేయించి, గుమ్మంలో వీణ్ణి కూచోబెట్టాను."

మట్టి కడగడం నాకు వదిలేవారు గాని, దూది కూరడం మాత్రం నన్నెప్పుడూ ముట్టనిచ్చేవారు కాదు. ఎక్కువ కూరితే గ్యాసు ఆగుతుంది, తక్కువైతే మట్టి జారుతుంది, అది చేతివాటం అనేవారు. ఆ చేతులకేసి చూసుకుంటూ కూచున్నారు. చాలాసేపటికి లేచి, దూదికి కూడా ఆమ్లం, నీళ్ళు, సైలేన్, మిథనాల్, అన్ని మర్యాదలూ చేయించారు. మళ్ళీ కూరి, మళ్ళీ వేడిచేసి, చుక్క వేశారు. కలం ఆ చోటుకొచ్చింది. గీత కింద నేల మీదే నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నిజం టర్పెంటైన్ చుక్క కలిపి వేస్తే కొండలు లేచాయి. కలపకపోతే లేవలేదు.

"పటేల్ ఒడ్డున పడ్డడు మేడమ్!" అన్నాను.

"ఆయన ఎప్పుడూ మునగలేదయ్యా. మనం ముంచాం" అన్నారు. ఇంకొంచెం ఆగి, "ఇంతకుముందు ఇచ్చినవి కూడా చూడాలి" అన్నారు. బీరువాలో దాచిన పాత సీసాలన్నీ దించి, అలాంటి తైలాలన్నిటినీ మళ్ళీ పరీక్ష చేశారు. తేడా వచ్చిన ప్రతివాళ్ళకూ తనే కబురు చేశారు.

అత్తరు సేటు లేబుకే వచ్చాడు. అంతా విని, గడ్డం నిమురుకుంటూ, "బాల్‌రెడ్డి మాల్ నేను తీస్కుంట, అది ఇన్సాఫ్, న్యాయం. మగర్ మేడమ్, రేపు మీ రిపోర్టును నేనెట్ల నమ్మాలె?" అన్నాడు.

"నమ్మకపోతే ఇంకోచోట కూడా చేయించి చూసుకోండి. అది మంచిదే" అన్నారు. అతను చేయించుకున్నాడు. ఇక ఇంకోచోటే చేయించుకున్నాడు. మా లేబుకు వచ్చే పనిలో అతనిదే పెద్ద భాగం. ఆ ఏడు నేను పేపరు నుంచి గాజుసీసా దాకా పొదుపుగా వాడటం నేర్చుకున్నాను.

సేటు సరుకు తీసుకున్నంత మాత్రాన బాల్‌రెడ్డి పని అయిపోలేదు. మళ్ళీ వచ్చి, ఈసారి కూచున్నాడు. "మేడమ్, డబ్బాలు అమ్ముడువోయినయి, మంచిదే. ఊర్ల ఆ కల్తీ పేరు పోలె. సేటుకు లంచమిచ్చి అమ్మిండంటున్నరు. మీరొక్కసారి వచ్చి చెప్తరా?"

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నారు మేడమ్.

ఆయన వాకిట్లో తమ్ముళ్ళిద్దరు, పెద్దమనుషులు కొందరు మంచాల మీద కూచున్నారు. మేడమ్‌కు కుర్చీ వేస్తే నిలబడే ఉన్నారు. ఈవిడకు మావాళ్ళతో మాట్లాడ్డం ఏం తెలుసులే అని నేను ముందుకొచ్చి చేతులు జోడించాను. "పెద్దలందరికి దండాలు. ఇది మామూలు ముచ్చట గాదు. ప్రపంచంల పెద్ద పెద్ద సైంటిస్టులే తలలు పట్టుకున్న ముచ్చట. గ్యాసుల గుణం, గాలిల తేమ, యంత్రంల కరెంటు, అన్నీ కలిసి…"

"శంకరం" అన్నారు మేడమ్. "కడిగి చెప్పవయ్యా."

వాకిలంతా నావైపు తిరిగింది. జోడించిన చేతులు దించి పక్కకు జరిగాను. ఆవిడే చెప్పారు.

"నా పేరు కామేశ్వరి అండి. బాల్‌రెడ్డిగారి తైలంలో టర్పెంటైన్ ఉందని కాగితం ఇచ్చింది నేను. అది తప్పు. ఆయన ఏమీ కలపలేదు. నా గొట్టంలో నేను పెట్టిన దూది వల్ల అలా కనబడింది."

ఇంకా ఏదో ఉంటుందని అందరూ ఎదురుచూస్తున్నారు. ఒక ముసలాయన అడిగాడు, "గంతేనా అమ్మా?"

"అంతేనండి."

చిన్నతమ్ముడు లేచాడు. "అంటె ఇంత దూది పెట్టి మా అన్నను దొంగను జేస్తివా మేడమ్?"

నా ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. ఆవిడ అతని కళ్ళలోకి చూసి, "చేశానండి" అన్నారు.

ఆ ఒక్క మాటకు అతను కూచుండిపోయాడు. ఇంకో అరగంట వాదించాలని వచ్చినవాడు, తోసిన తలుపు తెరిచే ఉన్నట్టయి, ఏం చెయ్యాలో తోచక చెంబెడు నీళ్ళు తాగాడు. బాల్‌రెడ్డి తమ్ముళ్ళకేసి తిరిగి, "ఇన్నరా?" అన్నాడు. "భూమి అమ్మాలనిపిస్తె అమ్ముత. అన్నదమ్ములం, మాట్లాడుకుందం. దొంగనన్న పేరు మీద మాత్రం అమ్మను."

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూచుని బయట పునాదులు చూస్తున్నారు. నాకు లోపల రగులుతూనే ఉంది. పదిమందిలో నా పరువు తీశారని కాదు. అంటే, అదీ కొంత. ధైర్యం చేసి అడిగాను.

"అన్నీ కడిగేస్తె ఇంక మాటల ఏం మిగుల్తది మేడమ్? గంత చప్పగుంటె ఎవరు వింటరు?"

ఆవిడ నావైపు తిరిగారు. "నువ్వు గొట్టానివి కాదు కదా, మనిషివి. కొంచెం తోక ఉంటే ఉండనీ, నాకూ సరదాగానే ఉంటుంది. లారీ బోల్తాపడిందన్నావు, ఎవరికేం పోయింది? లేని కొండ మాత్రం లేపకు. అది ఎవరి చోట లేస్తుందో నీకు తెలియదు." బస్సు గుంటలో పడి లేచింది. కళ్ళజోడు సర్దుకుని, నవ్వు దాచుకుంటూ, "నీలో మట్టి మంచిదేనయ్యా శంకరం. ఆ మూతి దగ్గర దూదే కడగలేదు" అన్నారు.

తరవాతి సంగతులు చెప్పడానికి ఎక్కువ లేవు. బాల్‌రెడ్డి ఆ చేను ఇంకొన్నేళ్ళు సాగుచేసి, మోకాళ్ళు సహకరించక, తనకు తోచిన రోజున అమ్మేశాడు. ఇప్పుడు అది ఏ వీధో నేను గుర్తుపట్టలేను. నాకు మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మేడమ్ లేబును ఈడ్చగలిగినంత కాలం ఈడ్చి, సామాను ఎవరికో అప్పగించి, కాకినాడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయారన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. ఆవిడ చివరి రోజుల గురించి చక్కని కథ ఒకటి నా దగ్గర ఉంది. నేను వెళ్ళి చూసినట్టు, ఆవిడ నా చెయ్యి పట్టుకున్నట్టు. అది నేను లేపిన కొండ. వెళ్ళలేదు.

కంపెనీలో నేను చాలామందికి పని నేర్పాను. ఎవరి బ్యాచీ మీదనైనా మచ్చ కనబడితే, ఆ కుర్రాణ్ణి పిలిచే ముందు ఒకసారి గొట్టం విప్పి, మూతి దగ్గరి దూది తీసి చూసేవాణ్ణి. సాధారణంగా అక్కడ ఏమీ ఉండేది కాదు, తప్పు ఆ కుర్రాడిదే అయ్యేది. అయినా విప్పేవాణ్ణి. ఇంట్లో కోడలి మీద నా భార్య ఏదైనా చెప్పినప్పుడు, పార్కులో ఎవరి గురించో ఎవరో గుసగుసలాడినప్పుడు కూడా నా చెయ్యి తెలియకుండానే దూది లాగే ఆ కొక్కెం కోసం వెతుకుతుంది. ప్రతిసారీ దొరకదు. ఇదీ తేటగానే చెప్పాను.

నిన్న మళ్ళీ ఆ సబ్బుల దుకాణానికి వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను చూడగానే, "సైంటిస్ట్ అంకుల్ వచ్చిండ్రు!" అంది. కౌంటరు మీద ఆ గులాబీ సబ్బుల పక్కన ఇదివరకు లేని చీటీ ఒకటి ఉంది: ఇందులో గడ్డి తైలం కలదు. రెండుసార్లు చదివాను.

"ఇది ఎవరు రాసిండ్రు బిడ్డా?"

"నేనే అంకుల్. మా సార్‌కు చెప్పిన, పెద్ద సైంటిస్ట్ చెప్పిండని. మా సార్ సప్లయర్‌కు ఫోన్ జేసి జోర్దార్ తిట్టిండు. ఆయన అస్సలు ఒప్పుకోలె."

సబ్బు తీసుకుని పీల్చాను. గులాబీ, గడ్డి, అల్లం. ముక్కు అదే చెబుతోంది. కాని ఈ ముక్కు వయసు డెబ్బై దాటింది, పైగా నలభై ఏళ్ళుగా బాల్‌రెడ్డి చేను కోసం వెతుకుతోంది.

"బిడ్డా, మా లేబు మూడంతస్తులు కాదు. రెండు గదులు. నేను సైంటిస్టును కాదు, మట్టి కడిగేవాణ్ణి. నాకు ఆ వాసన అట్లనిపిచ్చింది. అనిపిచ్చిందంతే. పరీక్ష చేపియ్యకుండ ఆ చీటీ పెట్టొద్దు. ఆ సప్లయర్ ఎవరో, పాపం."

ఆ పిల్ల నన్నూ చీటీనీ మార్చి మార్చి చూసింది. ఇంకా ఏమైనా చెబుతానేమోనని ఆగింది.

"గంతేనా అంకుల్?"

"గంతే" అన్నాను.